గాలి వంతు

నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి నా దగ్గర ఉన్నవి ఇవి: ఒక ఓటు, ఫ్లాస్కులో చల్లారిపోతున్న కాఫీ, పక్కన ఎవరూ కూర్చోని రెండడుగుల బెంచీ. మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు దగ్గర ఉన్నవి రెండే: రెండు పాయింట్ల వెనకబాటు, వీపున ఉత్తరపు గాలి. ఈ సీజన్‌కు ఇదే ఆఖరి ఆట. ఇది అయిపోయాక ఆ మూల ఉన్న ఇటుకల హాల్లో ట్రస్టీలం అయిదుగురం కూర్చుని, కోచ్ రాయిస్ టాటమ్‌ను ఉంచాలా పంపించాలా తేల్చాలి. ఇద్దరు ఉంచమంటున్నారు, ఇద్దరు పంపించమంటున్నారు. అయిదోవాణ్ణి నేను. జీవితమంతా పశువుల బేరం చేసినవాడి మొహం చదవడం కష్టం కనుక నేను ఎటు వేస్తానో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. పంపించెయ్యమని వేద్దామనే వచ్చాను. ఎందుకో మాత్రం ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు. చెప్పేంత మంచి కారణం కాదు.

"మళ్ళీ గాలే అడిగాడు చూడు," అంటున్నాడు నా వెనక వరసలో డ్వేన్. ఊళ్ళో సగం తలలకు క్షవరం చేసి రిటైరైనవాడు, అందుకే ఎవరి తలలో ఏముందో తనకే తెలుసంటాడు. "రెండు సగాల్లోనూ బంతి వాళ్ళ చేతికిచ్చి, గాలి పుచ్చుకున్నాడు. ఏం చేసుకుంటాడయ్యా గాలిని? చంకలో పెట్టుకుని పరిగెడతాడా?"

"తొమ్మిదేళ్ళు పరిగెత్తాడుగా," అంది వెర్డా. బడిపంతులమ్మగా చేసిన మనిషి. మోకాళ్ళ మీద కంబళి కప్పుకుని, డ్వేన్ పక్కనే కూర్చుని, డ్వేన్‌తో తగువుపడటానికే ప్రతి శనివారం వస్తుంది.

"ఆయన పరిగెత్తలేదు తల్లీ, గాలి పరిగెత్తింది. మన కాన్సాస్ గాలి గెలిచింది, ఆయన జీతం తీసుకున్నాడు."

చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వడానికి ఖర్చేమీ లేదు. టాస్ గెలిస్తే ఏ కోచ్ అయినా బంతి అడుగుతాడు. రాయిస్ మైదానంలో ఏ పక్క కావాలో అడుగుతాడు, చివరి క్వార్టర్‌లో గాలి తన కుర్రాళ్ళ వీపున ఉండేలా. దానికి బదులుగా ఒక్కోసారి రెండు సగాలూ బంతి అవతలివాళ్ళ చేతిలోనే మొదలవుతుంది. ఇంకెక్కడైనా ఇది పిచ్చితనం. చెట్టన్నది లేని ఈ నేల మీద, నవంబరులో, గాలికి ఎదురుగా తన్నిన బంతి తన్నినవాడి నెత్తిన పడే చోట, అది పిచ్చో తెలివో పదకొండేళ్ళుగా తేలలేదు. ఆర్కన్సా కొండల్లోంచి వచ్చిన కొత్తలో రాయిస్ రోజూ పొద్దున్నే కంచె దగ్గర నిలబడి వేలు తడిపి పైకెత్తేవాడు. ఊరంతా నవ్వింది. తరవాత గెలిచాడు. నవ్వడం ఆపి, ఆ గెలుపును ఎవరెవరికి పంచాలా అని మొదలుపెట్టారు.

పశువుల సంతకొట్టం హోటల్లో అదే పని, మంగళవారం వేలంపాట అయ్యాక, పేడ బూట్లతోనే, కాఫీల మీద. డ్వేన్ వంతులు వేసేవాడు. ఫ్లోరిడా నుంచి వచ్చి పరిగెత్తే కుర్రాడి కాళ్ళకు ఇంత, మన లీగ్‌లో మిగతా జట్లు చచ్చినట్టుంటాయి కనుక దానికి ఇంత, బరువులెత్తే కొత్త గదికి ఇంత, గాలికి ఇంత. పంచగా పంచగా రాయిస్‌కు మిగిలేది చారెడు. నేను వింటూ ఉండేవాణ్ణి. కోడెదూడ బాగా బలిస్తే ఆ ఘనత ఎవరిదని అడిగితే నేనైతే చెప్పలేను. తండ్రిదా, తల్లిదా, గడ్డిదా, సమయానికి పడ్డ వానదా, గేటు తీసి లోపలికి తోలినవాడిదా? వేలంలో అవన్నీ కలిపే తూకం వేస్తారు. ఏ వంతుకు ఎంత అని ఎవరూ అడగరు. మనుషుల దగ్గరకు వచ్చేసరికే ఈ పంపకాలు. కింద మావాళ్ళు ఇంకో గజం వెనక్కి పోయారు, బంతి మట్టిలో దొర్లింది, ఆ చలిలో పిల్లల నోళ్ళలోంచి ఆవిరి. అలసటగా ఉంది నాకు. ఆట వల్ల కాదు. రెండేళ్ళుగా ఇంతే, పడుకున్నా లేచినా.

లోర్నా ఉన్నప్పుడు ఈ పంపకం ఇంట్లో కూడా జరిగేది. నా భార్య ఆటను నాకంటే బాగా చూసేది, నాకంటే గట్టిగా అరిచేది. ఈ రెండడుగుల బెంచీ మీదినుంచే. "బంతి అడగవయ్యా రాయిస్! గాలి మాకు ఇంటి దగ్గర బోలెడుంది!" అని. ఆయన వెనక్కి తిరగకుండానే టోపీ పైకెత్తేవాడు. ఒక ఆదివారం అంట్లు తుడుస్తూ అడిగాను, నీ లెక్కలో ఆయన వంతు ఎంత అని. "పదోవంతు," అంది తడుముకోకుండా. మిగతా తొమ్మిదీ ఎవరివి? "అది తెలిస్తే కోచ్‌ని నేనే అయ్యేదాన్ని, నువ్వు నా అంట్లు తుడిచేవాడివి." నేను తుడుస్తున్నది ఆమె అంట్లేనని గుర్తుచేశాను. పళ్ళెం నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ తుడిచింది. నేను తుడిస్తే తడి ఉంటుందని ఆమె నమ్మకం.

ఇప్పుడు చెప్పని కారణం. మాది చిన్న కాలేజీ, మా ఆటలో అసలు ఓటమి నవంబరులో రాదు, జనవరిలో వస్తుంది. టెక్సాస్ నుంచీ ఫ్లోరిడా నుంచీ వచ్చిన కుర్రాళ్ళు క్రిస్మస్‌కు ఇళ్ళకు వెళ్ళి, అక్కడి ఎండ మొహాన తగిలాక, ఈ చలికీ ఈ గాలికీ తిరిగి రారు. సగం జట్టు అలా రాలిపోతుంది. తిరిగొచ్చేవాళ్ళతోనే మరుసటేడు గెలవాలి. లోర్నా ప్రతి గురువారం చర్చి నేలమాళిగలో వాళ్ళకు అన్నం పెట్టేది. అన్నమంటే మా అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న బీరాక్‌లు, గొడ్డుమాంసమూ క్యాబేజీ కూరి కాల్చిన బన్నులు, అరచేతి నిండుగా. మాంసం నేను తెచ్చేవాణ్ణి. ఆమె ఒక్కొక్కడి పేరూ, వాళ్ళ అమ్మల పేర్లూ నేర్చుకునేది. క్రిస్మస్ సెలవుల్లో ఫోన్లు చేసేది: ఏమిరా, ఎప్పుడొస్తున్నావు, నీ కుర్చీ ఖాళీగా ఉంచాను. వచ్చేవాళ్ళు. తొమ్మిదేళ్ళు వచ్చారు, తొమ్మిదేళ్ళు గెలిచాం. ఆమె పోయింది. ఆ జనవరిలో సగం మంది రాలేదు, ఈ జనవరిలోనూ రాలేదు. రెండేళ్ళుగా ఓడుతున్నాం. హోటల్లో అన్నిటికీ వంతులు వేశారు, రిఫరీలకు కూడా. ఆమె పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. మరిచిపోయి కాదు, నా మొహం చూసి మొహమాటం. నాకు ఆ మొహమాటం అక్కర్లేదు. నాకు ఆమె పేరు కావాలి.

రాయిస్ వెళ్ళిపోతే ఆ తొమ్మిదేళ్ళూ ఆయనవి కావని ఊరు ఒప్పుకున్నట్టే. మరి ఎవరివని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. అదే ఆయన ఉండిపోయి, వచ్చే ఏడాది మళ్ళీ గెలవడం మొదలుపెడితే? అప్పుడు లోర్నా బన్నులు ఉత్త బన్నులే. ఇదీ నా ఓటు వెనక ఉన్న కారణం. చేతిలో పెట్టుకుని చూసుకుంటే బాగాలేదు, కానీ పారెయ్యబుద్ధీ కాలేదు.

మెట్లు కదిలాయి. మెర్ల్ స్టకీ, ట్రస్టీల బోర్డు చైర్మన్, ధాన్యం గోదాముల యజమాని, బరువైన మనిషి, పైకి ఎక్కి వచ్చి ఆ రెండడుగుల ఖాళీలో కూర్చున్నాడు. అడగలేదు. ఇన్నాళ్ళుగా ఈ స్టాండ్‌లో ఇరుక్కుని కూర్చునేవాళ్ళు కూడా అక్కడ కూర్చోలేదు. నేను ఫ్లాస్కు కొంచెం ఇవతలికి జరిపాను.

"ఏం గిల్, ఎలా ఉంది?"

"రెండు పాయింట్లు వెనక ఉంది."

"ఆట సంగతి కాదయ్యా, నీ సంగతి." మోకాలు తట్టాడు. మోకాలు తట్టేవాడు ఏదో కొనడానికి వచ్చాడని అర్థం. "చూడు, రాయిస్ మంచివాడు. ఎవరూ కాదనరు. కానీ ఆ తొమ్మిదేళ్ళూ నడిపింది ఆయనా? మనలో మనం నిజం మాట్లాడుకుందాం. నడిపింది లోర్నా."

కింద ఈల ఊదారు, ఎవరో పడ్డారు, లేచారు. రెండేళ్ళు ఎదురుచూసిన మాట. నిద్రలో కూడా ఎవరో అన్నట్టు వినిపించి మెలకువ వచ్చేది. అది ఇప్పుడు మెర్ల్ స్టకీ నోట, పిప్పరమెంటు వాసనతో వచ్చింది. నాకు ఏడుపు రావాలి. రాలేదు. వెనక నుంచి వెర్డా కంబళి సర్దుకోవడం వినిపించింది, అంటే వింటోంది.

"అందరికీ తెలుసు గిల్. వసంతంలో కొత్త భోజనశాల కడుతున్నాం కదా, దానికి ఆమె పేరు పెట్టిద్దాం. తలుపు మీద, ఇత్తడి అక్షరాల్లో. కొత్త కోచ్, కొత్త హాలు, అంతా కొత్తగా మొదలు. ఏమంటావు?"

"ఆలోచిస్తాను."

"ఆలోచించు. ఆమె కూడా అనేదిగా, ఆయనది పదోవంతేనని."

అనేది. నిజమే. మెర్ల్‌కు ఇత్తడి అక్షరాల లోర్నా ఒకటి కావాలి. నా దగ్గర ఉన్న లోర్నా ఇంకో మాట కూడా అనేది. వెస్ట్ టెక్సాస్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, కొండలాంటివాడు, ముందు వరసలో వాణ్ణి కదపడం ఎవరి వల్లా కాదు. మొదటి గురువారం మూడు బన్నులు తిని, నాలుగోది కొరికి, ఏడవడం మొదలుపెట్టాడు. వాళ్ళ నాయనమ్మ చేసేదట, అచ్చం ఇదే రుచి. మర్నాడు పొద్దున్నే మూట సర్దుకుని బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. రాయిస్ వారం రోజులు లోర్నాతో మాట్లాడలేదు. ఆమె వంటింట్లో నడుం పట్టుకుని నవ్వింది. "పది మందిని నిలబెట్టానో లేదో తెలీదు గానీ గిల్, ఒకణ్ణి మాత్రం నేనే పంపించాను. అది ఖాయం." ఆమె చివరి వారాల్లో రాయిస్ ఆసుపత్రికి వచ్చేవాడు, టోపీ చేతిలో పట్టుకుని. ఆమె గొంతు పోయింది అప్పటికి. వేలు తడిపి పైకెత్తి వెక్కిరించేది. ఆయన కిటికీ వైపు తిరిగి ఉండిపోయేవాడు, కాసేపు, గాలి ఎటుందో చూస్తున్నట్టు.

స్టాండ్‌లో ఏదో మారింది. ముందు ఏమిటో తెలియలేదు. చెవులు హాయిగా ఉన్నాయి. కాగితం కప్పు ఒకటి మెట్ల మీద దొర్లుతూ వచ్చి ఆగింది, ఆగి ఇక కదల్లేదు. ఊడ్చిపెట్టినట్టు నిశ్శబ్దం. స్తంభం మీద జెండా రెండుసార్లు ఎగిరి, అలసినట్టు, కర్రకు చుట్టుకుని ఊరుకుంది. సూర్యుడు గోదాముల వెనక్కి దిగుతున్నాడు. ఈ ప్రాంతంలో పొద్దు వాలితే గాలి పడుకుంటుంది, పాలిచ్చే ఆవుకు కూడా తెలుసు. ఆట మామూలుగా అయితే ఈపాటికి అయిపోవాలి. అవతలి జట్టువాళ్ళు బస్సు దారిలో ఆగిపోయి గంటకు పైగా ఆలస్యంగా వచ్చారు, ఆట ఆలస్యంగా మొదలైంది. టాస్ వేసినప్పుడు టోపీలు ఎగిరిపోయే గాలి. ఇప్పుడు అగ్గిపుల్ల గీస్తే నిలబడి వెలుగుతుంది. చివరి నిమిషం, మావాళ్ళు ఎలాగో మైదానం మధ్య దాటి వచ్చి చతికిలపడ్డారు. స్తంభాల మధ్య, అడ్డకర్ర పైనుంచి తన్నితే మూడు పాయింట్లు, గెలుపు. దూరం ఎక్కువ. గాలి ఉంటే నిద్రలో తన్నినా వెళ్ళే దూరం.

ఎర్రజుట్టు కిక్కర్ పచ్చిక పీకి పైకి విసిరాడు. నిలువుగా కిందపడింది. రాయిస్ చూశాడు. ఇంత దూరం నుంచి ఆయన మొహం కనిపించదు, భుజాలు కనిపిస్తాయి. ఆయన ఆ కుర్రాడి దగ్గరకు నడిచి వెళ్ళి, మెడ మీద చెయ్యి వేసి, ఏదో చెప్పాడు. కుర్రాడు నవ్వాడు. ఓడబోయేవాడు నవ్వే నవ్వు కాదు. ఏం చెప్పి ఉంటాడో, దాని వంతు ఎంతో.

బంతి బాగానే లేచింది. చక్కగా, వంపు లేకుండా, రెండు స్తంభాలకూ నట్టనడుమ. స్టాండంతా లేచింది, నా మోకాళ్ళు కూడా వాటంతట అవే లేచాయి. అడ్డకర్ర దగ్గరకు వచ్చేసరికి దానికి ఎవరూ వెనక నుంచి చెయ్యి ఇవ్వలేదు. మూరెడు కింద నుంచి వెళ్ళి పచ్చికలో పడింది.

"చూశావా!" డ్వేన్ పెట్టిన కేకకు నా టోపీ జారింది. "పొద్దు వాలితే గాలి పోతుందని తెలీదూ? పదకొండేళ్ళుగా ఇక్కడ ఉండి? ఇది ఆయన చేజేతులా చేసుకున్నది, మొత్తం ఆయనదే!"

"ఏమయ్యా, గెలిచినన్నాళ్ళూ గాలి గెలిపించింది అన్నావు," అంది వెర్డా. "ఇవాళ గాలి పడిపోతే ఓడించింది ఆయనా?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు?"

"వేరంతే. నువ్వు బడిలో చెప్పిన లెక్కలు ఇక్కడ పనిచెయ్యవు."

"నీకు బడిలో కూడా పనిచెయ్యలేదులే."

మెర్ల్ లేచి కోటు దులుపుకున్నాడు. "డ్వేన్ చెప్పింది నిజం. దీనికి పూర్తి బాధ్యత ఆయనదే. పద గిల్, కిందికి." ఆ బస్సు గురించి ఎవరూ అనలేదు. బస్సుకు వంతు లేదు.

మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నాను. మెట్టు మెట్టుకూ మోకాలు తన సంగతి చెబుతోంది. కుర్రతనంలో పక్క జిల్లాలో ఒక వ్యాపారిని చూశాను, ఆయన కొట్టంలో రెండు తూకాలుండేవి, కొనడానికి ఒకటి, అమ్మడానికి ఒకటి. మా నాన్న నన్ను లోపలికి తీసుకెళ్ళి రెండూ చూపించి, ఏమీ కొనకుండా బయటికి తీసుకొచ్చాడు. డ్వేన్‌వి రెండు తూకాలు, మెర్ల్‌వి రెండు. గెలుపును చిన్నరాయితో, ఓటమిని పెద్దరాయితో. వాళ్ళను చూసి తల ఊపుతూ సగం మెట్లు దిగాక, మధ్యలో కమ్మీ పట్టుకుని ఆగిపోయాను. నాది? నా తూకంలో గెలిచిన తొమ్మిదేళ్ళూ లోర్నావి. సరే. అదే తూకంలో వెయ్యి మరి, ఓడిన రెండేళ్ళూ ఎవరివి? ఆవిడవే కావాలి. పిల్లలు తిరిగి రాకపోవడం ఆవిడ పనే కావాలి. చేసిన తప్పేమిటి? చచ్చిపోవడం. ఆ ఇత్తడి అక్షరాలు ఒకవైపు నుంచి చదివితే ఒకటి, రెండోవైపు నుంచి చదివితే ఇది. నేను ఆవిడకు ఘనత కట్టబెడుతున్నాననుకుంటూ నేరం కట్టబెడుతున్నాను. కమ్మీ చల్లగా ఉంది. వెనక నుంచి వెర్డా, "గిల్, కళ్ళు తిరుగుతున్నాయా?" అంది. లేదన్నాను.

హాల్లో హీటరు వాసన, మడత కుర్చీలు, గోడ అవతల పిల్లల షవర్ల చప్పుడు. ఒకరి తరవాత ఒకరు చెప్పారు, ఊహించినట్టే, అటు రెండు, ఇటు రెండు. మెర్ల్ నావైపు చూసి, మళ్ళీ ఆ మోకాలు తట్టే చూపు, తల చిన్నగా ఊపాడు. "ఉంచండి," అన్నాను. కారణం చెప్పమన్నాడు. "గెలిచిన ఏళ్ళలో ఆయనకు పదోవంతు ఇచ్చాం. ఓడిన ఏళ్ళలోనూ పదోవంతే పెట్టండి. పదోవంతు తప్పుకు మనిషిని తీసెయ్యరు," అన్నాను. "అది లోర్నా మాట," అన్నాడు మెర్ల్. "మొదటి సగం ఆవిడది," అన్నాను.

భోజనశాల మాట ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు. వసంతంలో దాని మీద మెర్ల్ వాళ్ళ నాన్నగారి పేరు పడుతుందనుకుంటాను. డ్వేన్ వచ్చే మంగళవారం నా బల్ల దగ్గర కూర్చోడు, ఆ పై మంగళవారం కూర్చుంటాడు, వాడికి వేరే బల్ల లేదు. వచ్చే ఏడాది మళ్ళీ ఓడతామేమో, గెలుస్తామేమో. గెలిస్తే రాయిస్‌దే అంటారు, నాకు నొప్పి ఉంటుంది, భరించాలి. కారు దగ్గరకు నడుస్తుంటే ఆయన కంచె దగ్గర ఒక్కడే బంతుల సంచీ ఎత్తుకుంటూ కనిపించాడు. ఎవరు ఎటు వేశారో ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. సంచీ రెండో చెవి పట్టుకున్నాను. ఇద్దరం బండి దాకా మోశాం. బరువుగానే ఉంది.

ఆ గంటకు నా లెక్క ఇది. పోయినవి: ఒక తలుపు మీద ఇత్తడి అక్షరాలు, రెండేళ్ళుగా వినాలనుకున్న ఒక మాట, మెర్ల్ స్టకీ స్నేహం. వచ్చింది: ఓడిన కోచ్ ఒకడు, ఇంకో ఏడాదికి. లోర్నా వంతు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. మంచి ధర పలికింది, అమ్మలేదు.